పిడికిలి బలం

నా సంచిలో ఒక స్టీలు పిడి ఉండాది.
నొక్కితే ముల్లు తిరగతాది,
ముసలి చేతిలో ఎన్ని కిలోల బలం మిగిలిందో చెప్తాది.
దాంతోపాటు బీపీ మిషను, స్టాపువాచీ,
నలభై రెండు ప్రశ్నల ఫారం.
నెలకు పదమూడు వేలు. పెట్రోలు నాదే.

పొద్దున బైరాగిపట్టెడలో మూడో అంతస్తు.
చెంగల్రాయులు గారు, డెబ్బై నాలుగు,
చెరకు ఫ్యాక్టరీలో లెక్కలు రాసి దిగిపోయిన మనిషి.
తలుపు తీసేలోపల నా పేరూ, వచ్చిన పనీ
లోపలినుంచే మూడుసార్లు అడిగినాడు.
బల్లమీద ఏడు గదుల మాత్రల డబ్బా.
ఆదివారం గది మూత విరిగితే రబ్బరుబ్యాండు చుట్టినాడు.
చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవమంటే
నాలుగుసార్లు లేచి
ఐదోసారికి నవ్వి ఊరుకున్నాడు.
పిడి నొక్కినాడు: పద్నాలుగు.

ఇరవై తొమ్మిదో ప్రశ్న:
"వారానికి ఎంతమందితో మాట్లాడతారు?"
వేళ్లు మడిచి లెక్కపెట్టినాడు.
పాల ప్యాకెట్ల పిల్లోడు,
లిఫ్టు కాడ వాచ్‌మన్,
కాసేపు ఆలోచించి
నన్ను కూడా కలుపుకున్నాడు.

మధ్యాహ్నం పాకాల దాటి,
తారు అయిపోయిన చోటినుంచి ఇంకా రెండు మైళ్లు.
కుప్పమ్మ అరుగుమీద చెనిక్కాయలు ఒలస్తా ఉండాది.
వయసెంతంటే,
"మా ఊరి కుంట తెగిన యేడు నేను పాకతా ఉంటినంట.
నువ్వే రాసుకో మే, చదువుకున్నదానివి గదా."
కుంట ఎప్పుడు తెగిందో ఊళ్లో ఎవురికీ తెలీదు.
డెబ్బై అని రాసినా.
పిడి చేతికిస్తే ఆవు పొదుగు పట్టినట్టు పట్టింది.
ఇరవై ఏడు.
నాకంటే మూడు ఎక్కువ.

"నాలుగు వందల మీటర్లు నడవగలవా అవ్వా?"
"మీటరంటే ఎంత?"
"అదో, ఆ చింతచెట్టు దాకా."
"ఏం పనికి?" అనింది.

ఇక్కడికి ఫారం మూసేసి ఉంటే
సాయంత్రం ఆఫీసులో గొప్పగా చెప్పుకుందును,
రాగి సంగటి, ఉలవచారు, కష్టం చేసిన ఒళ్లు అని.
కానీ ఆమె ఒలిచిన గింజలతో పాటు
పొట్టు కూడా చేటలోకే పడతా ఉండాది.
కుడికంట్లో పాలపొర, ఎడమదాంట్లో మొదలు.
ఏడేండ్లుగా మంచి గింజా పుచ్చు గింజా
వేలి కొసలతోనే ఏరుకుంటా ఉండాదంట.

బీపీ పట్టీ కట్టినా.
రెండు వందల పది, నూటా పన్నెండు.
ఇంకో చేతికి కట్టినా. అంతే.
"నీ మిషను ఎండకు చెడిందేమో" అని నవ్వింది.
తల తిరగతాదా అంటే,
"తిరిగితే కూసుంటా, నిలిస్తే లేస్తా."

ఫారం వెనక చిన్న అక్షరాల్లో అచ్చేసినారు:
వివరాలు సేకరించువారు వైద్యసలహా ఇవ్వరాదు.
ఈ ఊరికి డాక్టరు మంగళవారం వస్తాడు.
ఈరోజు బుధవారం.
బస్సు పొద్దున ఏడుకొకటి, పోయింది.
పోయినేడు గుండె పట్టేసినట్టుంటే
చెంగల్రాయులు గారికి అంబులెన్సు
పదకొండు నిమిషాల్లో వచ్చిందంట.
ఆ పదకొండునూ ఆయన గడియారం చూసి లెక్కపెట్టినాడంట.

"స్కూటరెక్కు" అన్నా.
"ఆవుకు నీళ్లెవురు పెడతారు?"
ఆమె అన్నది నాతోనే,
పలికింది మాత్రం మూడిండ్లు:
"మేం పెడతాంలే, పో కుప్పక్కా!"

వెనక కూసుని నా నడుం పట్టుకుంది.
గుంతల్లో, మలుపుల్లో, రైలుగేటు కాడ ఆగినప్పుడూ
పాకాల ఆసుపత్రి దాకా
ఆ ఇరవై ఏడు కిలోలు వదల్లేదు.
ఇచ్చిన మాత్రలు కొంగు మూలన ముడేసుకుంది.
ఏది పొద్దుటిదో ఏది రాత్రిదో
గీతలు తడిమి గుర్తుపట్టేటట్టు
అట్టమీద గోటితో గీసిచ్చినా,
పొద్దుటిదానికి ఒకటి, రాత్రిదానికి రెండు.

రాత్రి ఇంట్లో ఫారాలు నింపతా కూసున్నా.
నడుం మీద నాలుగు వేళ్ల నొప్పి.
ఇరవై తొమ్మిదో ప్రశ్న
ఆమెను అడగనేలేదు.